ల్యాబ్ తాళం మీ దగ్గర, అప్పు మా దగ్గర

పల్నాడు జిల్లాలోని ఇంజనీరింగ్ కళాశాలల యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, విభాగాధిపతులకు బహిరంగ లేఖ



నరసరావుపేటలో కంప్యూటర్లు బాగుచేసే చిన్న కొట్టు నాది. ఇరవై ఏళ్లు దాటింది. మీ దగ్గర చదివిన పిల్లల ల్యాప్‌టాప్‌లు ఎన్నో నా బల్ల మీదికి వచ్చి వెళ్లాయి. కీలు విరిగినవి, ఫ్యానులో దుమ్ము గడ్డకట్టినవి, వాయిదాలు ఇంకా తీరకముందే తెర పోయినవి. పాతవి బాగుచేయడమే కాదు, కొత్తవీ అమ్ముతాను. మీరు ప్రతి పిల్లవాడి చేతా ఖరీదైన ల్యాప్‌టాప్ కొనిపిస్తే నాకొచ్చే నష్టం లేదు, నాలుగు డబ్బులు మిగులుతాయి కూడా. అయినా ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు.

కిందటేడు అడ్మిషన్ల కాలంలో గురజాల వైపు నుంచి ఒక రైతు కొడుకును వెంటబెట్టుకుని కొట్టుకొచ్చాడు. పిల్లవాడికి కంప్యూటర్ సైన్సులో సీటొచ్చింది. తండ్రి ఫోను తీసి వాట్సాప్ సందేశం ఒకటి చూపించాడు. తరగతులు మొదలయ్యే నాటికి ప్రతి విద్యార్థి దగ్గరా ల్యాప్‌టాప్ ఉండి తీరాలట. ఐ7 ప్రాసెసర్ లేదా అంతకు మించినది, 16 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డు. ఏ పాఠానికి, ఏ సెమిస్టరులో, ఎందుకు అన్న ముక్క ఒక్కటీ లేదు. లక్ష అటూ ఇటూ అవుతుందన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత అడిగాడు: "అబ్బాయా, ఇప్పుడు కొనమంటావా, ఆగమంటావా?"

ఆ సందేశం ఏ కళాశాలదో రాయను. ఒక్కరి తప్పు కాదిది. మాటలు మారతాయేమో గాని ఇలాంటి ఫర్మానాలు ప్రతి ఏడూ నా కౌంటరు మీదికి వస్తూనే ఉన్నాయి. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

ఆ రైతుకు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. యంత్రాల సంగతి నాకు తెలుసు. ధరల సంగతి తెలుసు. తెలియనిదల్లా ఆ పిల్లవాడి చేత మీరు ఏ సెమిస్టరులో ఏం చేయిస్తారన్నది, మీ ల్యాబ్ ఎన్ని గంటలు తెరిచి ఉంటుందన్నది, ఒక కంప్యూటర్ ముందు ఎంతమందిని కూర్చోబెడతారన్నది. ఇవి తెలిస్తే కొనాలా ఆగాలా అన్నది ఐదు నిమిషాల్లో తేలిపోయే లెక్క. ఇవన్నీ తెలిసిన వాళ్లు మీరు. మరి ఆ ప్రశ్న మీ ఆఫీసు గది దాటి నా కొట్టు దాకా ఎందుకు నడిచొచ్చింది?

ముందు లక్ష అంటే ఏమిటో చెప్పుకుందాం. 2025-26కి పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. ఆ ధర పూర్తిగా చేతికొచ్చిందనుకున్నా లక్ష రూపాయలంటే పన్నెండు క్వింటాళ్ల పైచిలుకు పత్తి. ఎకరానికి పది క్వింటాళ్లు దిగితే బాగా పండిందనుకునే నేల మనది. అంటే విత్తనం, మందులు, తీత కూలి అన్నీ మరిచిపోయి, ఎకరం పంట మొత్తం తెచ్చి పోసినా మీ సందేశంలోని యంత్రం రాదు. ఆ లక్షలో 18 శాతం చొప్పున వేసిన జీఎస్టీ ఉంది. లెక్క కడితే 15,254 రూపాయలు పన్నే. ఒకప్పుడు అమ్మ ఒడి కింద బిడ్డ చదువుకని తల్లి ఖాతాలో వేస్తామన్న 15,000 కన్నా ఈ పన్ను ఎక్కువ. 2025 సెప్టెంబరు 22న పన్నులు సవరించి పెద్ద టీవీలను, ఏసీలను 28 నుంచి 18 శాతానికి దించారు. ల్యాప్‌టాప్ ఉన్నచోటే ఉంది. దానికి మీరు బాధ్యులు కారు, ఒప్పుకుంటాను. కానీ ఇంత బరువున్న వస్తువును రెండు వరసల సందేశంతో ఒక ఇంటి మీదికి ఎత్తిన బాధ్యత ఎవరిది?

కొనడమా, ఆగడమా అన్న ప్రశ్న మా రైతుకు కొత్త కాదు. పల్నాడులో బతుకంతా ఆ ప్రశ్నే. పత్తి ఇప్పుడే అమ్మాలా, సంక్రాంతి దాకా ఇంట్లో పోసుకోవాలా? మిర్చి టిక్కీలు యార్డుకు తోలాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా? 2023లో మిర్చి క్వింటా ఇరవై వేలు దాటింది. 2025 ఫిబ్రవరికి ధర ఎంత పడిపోయిందంటే, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకు 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది. ఆశపడి ఆగినవాడు ఎలా మునుగుతాడో, తొందరపడి అమ్మినవాడు ఎలా నష్టపోతాడో ఆయనకు మీరూ నేనూ చెప్పక్కర్లేదు. అయితే మిర్చి విషయంలో ఆయన కళ్లు తెరిచి ఆడతాడు. కాయ రంగు చూస్తాడు, తేమ చూస్తాడు, యార్డు ధర రోజూ కనుక్కుంటాడు. ల్యాప్‌టాప్ విషయంలో మాత్రం మీరు ఆయన్ని గుడ్డెద్దు చేలో పడ్డట్టు బజార్లోకి తోలుతున్నారు. చేతిలో దీపం ఉన్నవాళ్లే దాన్ని కప్పిపెడితే ఎలా?

ఇక మీరు చెప్పే పాఠాల సంగతి. మన జిల్లా కళాశాలలు జేఎన్‌టీయూ కాకినాడ పరిధిలోనివి. కొన్నిటికి స్వయంప్రతిపత్తి ఉన్నా పాఠాల వరస దాదాపు ఒకటే. మొదటి ఏడాది సి భాష, ఐటీ వర్క్‌షాపు, ఇంజనీరింగ్ గ్రాఫిక్స్. తర్వాత డేటా స్ట్రక్చర్స్, జావా, పైథాన్, డేటాబేస్. సి ప్రోగ్రాము రాయడానికి గ్రాఫిక్స్ కార్డు దేనికి? నా కొట్టులో పదేళ్లు దాటిన, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత డబ్బా ఒకటుంది. దాని మీద లినక్స్ వేసి సి కంపైలర్ పెట్టాను. మీ మొదటి ఏడాది ప్రోగ్రాములు అందులో రెప్పపాటులో నడుస్తాయి. అనుమానముంటే ఒకసారి దయచేయండి, చూపిస్తాను. మొదటి ఏడాది ఏ పాఠంలోనూ వాడని యంత్రాన్ని మొదటి రోజుకే ఎందుకు కొనమన్నారు?

మెకానికల్, సివిల్ వాళ్లకు త్రీడీ డిజైన్, విశ్లేషణ సాఫ్ట్‌వేర్లకు మంచి గ్రాఫిక్స్ కావాలి, నిజమే. ఆ బరువైన పని పై తరగతుల్లో వస్తుంది. కృత్రిమ మేధ చదివేవాళ్లకు డీప్ లెర్నింగ్ దగ్గర గ్రాఫిక్స్ కార్డు అవసరం, అదీ నిజమే. కానీ ఆ లక్ష రూపాయల ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డుకుండే సొంత మెమరీ మామూలుగా 6 జీబీ, మహా అయితే 8 జీబీ. గూగుల్ కోలాబ్‌లో పిల్లవాడికి ఉచితంగా దొరికే టీ4 కార్డులో 16 జీబీ ఉంటుంది. గంటల పరిమితి ఉంటుంది, నెట్ ఉండాలి. అయినా నేర్చుకునే వాడికి అది చాలు. దేశంలో 2024 మార్చిలో 10,372 కోట్ల రూపాయలతో ఇండియా ఏఐ మిషన్ మొదలైంది. దాని కింద వేల జీపీయూలను సగటున గంటకు 65 రూపాయల స్థాయిలో విద్యార్థులకు, పరిశోధకులకు అందుబాటులో ఉంచామని కేంద్రం చెబుతోంది. మీలో ఎంతమంది మీ పిల్లల తరఫున ఆ తలుపు తట్టారు? తట్టకుండానే రైతు జేబు తట్టడం సులువైపోయిందా?

'ఆర్‌టీఎక్స్ ఉండాలి' అని రాసిన వారిని ఇంకొక్క మాట అడుగుతాను. ఆ పేరు ఒకటే గాని సరుకు ఒకటి కాదని మీకు తెలుసా? ఆర్‌టీఎక్స్ 4060 అన్న ఒకే పేరుతో 35 వాట్ల ల్యాప్‌టాప్ కార్డూ ఉంది, 115 వాట్లదీ ఉంది. రెంటి సత్తువకూ చాలా తేడా. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండేది పేరు మాత్రమే. ర్యామ్ బోర్డుకే అతికించి ఉందా, తర్వాత పెంచుకునే వీలుందా అన్నదీ అంతే. కొనేవాడికి జీవితకాలం తేడా తెచ్చే ఈ విషయాలేవీ మీ సందేశంలో ఉండవు. ఉండేది దుకాణం బోర్డు మీద ఉండే మాటలే. సందేశం రాసింది మీ అధ్యాపకులా, అమ్మకందారులా అని అనుమానం వచ్చేది అందుకే.

మన ఊళ్ల ఎండ కూడా మీరు మరిచిపోయారు. రెంటచింతల పేరు రాష్ట్రంలో ఎండకు మారుపేరు. ల్యాప్‌టాప్ కంపెనీలు ఇచ్చే వివరాల్లో చాలావాటికి పనిచేసే వాతావరణం 35 డిగ్రీల దాకా అని ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన రేకుల ఇళ్లలో పగలే కాదు, రాత్రి తొమ్మిదింటికీ అంత వేడి ఉంటుంది. అలాంటి గదిలో గ్రాఫిక్స్ కార్డు ఉన్న యంత్రాన్ని గట్టిగా పనిచేయిస్తే అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. లక్ష పెట్టి కొన్న వేగం వేసవిలో సగం అక్కడే ఆవిరి. పిడుగురాళ్ల సున్నపు బట్టీల వైపు నుంచి వచ్చే యంత్రాల ఫ్యాన్లు విప్పితే తెల్లటి పొడి రాలుతుంది. పాడైతే కంపెనీ సర్వీసు కోసం మాచర్ల పిల్లవాడు నూరు కిలోమీటర్లు దాటి గుంటూరో విజయవాడో పోవాలి. మీ ఏసీ ల్యాబుల్లో ఉండాల్సిన యంత్రాన్ని రేకుల ఇంట్లో పెట్టించి, దాని సేవను కూడా ఆ ఇంటికే వదిలేయడం న్యాయమా?

"ఒకసారి మంచిది కొంటే నాలుగేళ్లూ చూసుకోనక్కర్లేదు" అంటారు మీరు. 2017లో కూడా ఇదే మాట అన్నారు. ఆ ఏడు ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లలకు ఏడో తరం ఐ7 కొనిపించిన తండ్రులు నాకు తెలుసు. అప్పటికి అదే పెద్దది. సరిగ్గా నాలుగేళ్ల తర్వాత, 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చింది. ఏడో తరం ప్రాసెసర్లు దాదాపు అన్నిటినీ అది అర్హత లేదని పక్కనపెట్టింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు కూడా ఆగిపోయింది. నాలుగేళ్ల పిమ్మట ఏం కావాలో మైక్రోసాఫ్ట్‌కే ముందు తెలియని లోకంలో, మొదటి రోజునే నాలుగేళ్లకు సరిపడా కొనమని మీరెలా హామీ ఇస్తున్నారు? పైగా మొదటి ఏడాది కొన్నదానికి వారంటీ మామూలుగా ఒక్క ఏడాదే. అసలు బరువు పని పడే ఆఖరి ఏడాది ప్రాజెక్టు నాటికి వారంటీ ఉండదు, బ్యాటరీ గంట నిలవదు.

అయితే ఆగమనే నా వాదనా? కాదు. ఆగడం కూడా ఉచితం కాదని ఈ మధ్యే కొత్తగా నేర్చుకున్నాను. మా వ్యాపారంలో ఇరవై ఏళ్లుగా ఒక సూత్రం ఉండేది: ఆరు నెలలు ఆగితే అదే డబ్బుకు మెరుగైనది వస్తుంది. 2025 చివరికి ఆ సూత్రం తలకిందులైంది. ప్రపంచంలో మెమరీ చిప్పులు చేసే పెద్ద కంపెనీలు ముఖ్యంగా మూడు. శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ డేటా సెంటర్లు అడిగే ఖరీదైన మెమరీ వైపు అవి మళ్లాయి. మామూలు ర్యామ్ కరవైంది. 2025 డిసెంబరులో మైక్రాన్ తన క్రూషియల్ పేరుతో జనానికి అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఎన్నో ఏళ్లు నా అరల్లో ఉన్న పేరది. అదే నెలలో డాలరు 90 రూపాయలు దాటింది. దిగుమతి చిప్పులతో తయారయ్యే వస్తువు ధర ఇక ఎటు పోతుందో చెప్పాలా?

ప్రభుత్వాన్ని నమ్ముకుని ఆగిన అనుభవమూ మనకుంది. 2021 జనవరిలో అమ్మ ఒడి రెండో విడతప్పుడు, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలకు డబ్బు వద్దనుకుంటే ల్యాప్‌టాప్ ఇస్తామన్నారు. మా వీధిలో తల్లులు కొందరు ల్యాప్‌టాపే కావాలని రాసిచ్చారు. ఏడాదికి పైగా ఎదురుచూశారు. చివరికి ల్యాప్‌టాప్ రాలేదు, మళ్లీ డబ్బే అన్నారు. 2022 డిసెంబరులో ట్యాబులు వచ్చాయి, అవి ఎనిమిదో తరగతి వాళ్లకు. ఎదురుచూసిన పిల్లలు అప్పటికి ఆ తరగతి దాటిపోయారు.

కాబట్టి ఆగినా ఖర్చే, కొన్నా ఖర్చే. ఏ ఖర్చు తక్కువో తేల్చేది ఎవరు? నా ఉత్తరం సారాంశమంతా ఇక్కడే ఉంది. ఆగడానికి అయ్యే ఖర్చును నిర్ణయించేది చిప్పు కంపెనీ కాదు, డాలరు కాదు, మీరు. మీ ల్యాబ్ రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంటే ల్యాప్‌టాప్ లేని పిల్లవాడు ఏడాదిన్నర నిశ్చింతగా ఆగగలడు. నాలుగు గంటలకు తాళం పడితే ఒక్క వారం కూడా ఆగలేడు. అదే పిల్లవాడు, అదే పాఠం, అదే ధర. తేడా అంతా ఆ తాళం చెవిలో ఉంది.

ఏఐసీటీఈ అనుమతి కావాలంటే ఎంతమంది విద్యార్థులకు ఎన్ని కంప్యూటర్లుండాలో లెక్క ఉంది. మీరు ఆ లెక్క చూపించే అనుమతి తెచ్చుకున్నారు. తనిఖీ బృందం వచ్చే వారంలో ల్యాబులు ఎలా మెరుస్తాయో నాకు తెలుసు. కీబోర్డులు మార్చడానికి, యూపీఎస్ బ్యాటరీలు సరిచేయడానికి ఆ వారంలోనే నాలాంటి వాళ్లకు కబురొస్తుంది. మిగతా ఏడాదంతా ఆ కంప్యూటర్లు ఎవరి కోసం? వారానికి మూడు గంటల ల్యాబ్ పీరియడ్ తప్ప పిల్లలకు వాటి మీద హక్కు లేదా? సాయంత్రం తెరిచినా ఏం లాభం, మాచర్ల, గురజాల, వినుకొండ బస్సులు నాలుగింటికే కదులుతాయి అంటారేమో. ఆ బస్సులు నడిపేది కూడా మీరే కదా. వారానికి మూడు రోజులు ఆలస్యంగా వెళ్లే బస్సు ఒక్కోటి వేస్తే ఎన్ని ఇళ్లలో అప్పు ఆగుతుందో ఎప్పుడైనా లెక్క వేశారా?

ఫీజుల సంగతీ అడగాలి. రాష్ట్రంలో మీ ఫీజును ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ ఖరారు చేస్తుంది. కమిషన్ ముందు మీరు పెట్టే ఖర్చుల్లో ల్యాబులు, కంప్యూటర్లు, నెట్ అన్నీ ఉంటాయి. అది పిల్లలు కడుతూనే ఉన్నారు, లేదా వారి తరఫున ప్రభుత్వం కడుతోంది. దాని మీద లక్ష రూపాయల యంత్రం తెచ్చుకోమనడం ఇంకో ఫీజు కాదా? తప్పనిసరి అయితే అది ఫీజే, కమిషన్ ముందు చెప్పాలి. ఫీజు కాదంటారా, అయితే తప్పనిసరి అనే మాట తీసేయండి. రెండు పడవల మీద కాలు పెట్టడం కుదరదు.

అంతగా అవసరమనుకుంటే ఆ మాట కాగితం మీద రాసిచ్చే ధైర్యమైనా ఉండాలి. బ్యాంకులు అనుసరించే విద్యారుణ నమూనాలో కోర్సు పూర్తికి అవసరమైతే కంప్యూటర్ కొనుగోలు ఖర్చునూ చేర్చవచ్చు. మేనేజరు ముందుగా అడిగేది కళాశాల ధ్రువీకరణ. వాట్సాప్‌లో ఉండి తీరాలన్న వాళ్లు బ్యాంకుకు లెటర్‌హెడ్ మీద ఎందుకు రాసివ్వరు? మీ సంతకం లేకపోవడం వల్లే ఆ తండ్రి విద్యారుణం వదిలి దుకాణంలో 'వడ్డీ లేని వాయిదాల'కు పోతాడు. వడ్డీ లేని అప్పు అన్నదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. ప్రాసెసింగ్ ఫీజులోనో, పోగొట్టుకున్న డిస్కౌంటులోనో ఆ వడ్డీ దాక్కుని ఉంటుంది. వాయిదాలు కూడా దొరకని వాడు ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు.

గురజాల రైతు చేసింది అదే. ఆగస్టులో నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చి కొన్నాడు. పత్తి చేతికొచ్చి అమ్మేసరికి డిసెంబరు. నాలుగు నెలలకు ఎనిమిది వేలు వడ్డీ. ఆ నాలుగు నెలల్లో కొడుకు ఆ యంత్రం మీద చేసిందేమిటని అడిగాను. సి ప్రోగ్రాములు, సినిమాలు అన్నాడు ఆ అబ్బాయి, సిగ్గుపడుతూ. వాణ్ని నేనేమీ అనలేదు. సిగ్గుపడాల్సింది వాడా?

ఇంకొకటి మీ దృష్టికి వచ్చిందో లేదో. ఇంట్లో ఇద్దరు చదువుతుంటే లక్ష రూపాయల యంత్రం కొడుకుకు వస్తుంది. కూతురికి అన్న నాలుగేళ్లు వాడి వదిలేసింది వస్తుంది, బ్యాటరీ వేయించడానికి నా దగ్గరికి వస్తుంది. ఫోను తెర మీద వేలితో ప్రోగ్రాము రాసే ఆడపిల్లలు మీ తరగతుల్లో ఉన్నారు. మీ ఫర్మానా ఎంత ఖరీదైతే వాళ్ల వంతు అంత వెనక్కి పోతుంది. అందుబాటు ధరలో ఉన్న రెండు యంత్రాలు ఇద్దరికీ వచ్చే చోట, ఒక గొప్ప యంత్రం ఒకడికే దక్కుతోంది. ఇది మీరు కోరుకున్నదేనా?

ఒక కళాశాల అడ్మిషన్ల హాల్లో, ఫీజు కట్టే కౌంటరు పక్కనే, ల్యాప్‌టాప్‌లు అమ్మే బల్ల చూశాను. 'కాలేజీ ధర' అని బోర్డు. అదే మోడలు నా కొట్టులో అంతకన్నా తక్కువకు ఉంది. నా బేరం పోయిందని కాదు బాధ. గుళ్లో హుండీ పక్కన బల్ల వేస్తే భక్తుడు అదీ దేవుడి మాటే అనుకుంటాడు. మీ ఆవరణలో కూర్చున్న వ్యాపారి మాటను తల్లిదండ్రులు గురువు మాటగా వింటారు. ఆ నమ్మకాన్ని అద్దెకిచ్చే అధికారం మీకెవరిచ్చారు?

మీ జవాబు ఊహించగలను. ప్లేస్‌మెంట్లు, పోటీ, పక్క జిల్లా కళాశాలలు ఇంతకంటే పెద్దవి అడుగుతున్నాయి. కోటప్పకొండ తిరునాళ్లకు ఊరూరూ ప్రభ ఎత్తులో పోటీ పడతాయి. అది చూడముచ్చట. ప్రభకు ఊరంతా చందా వేస్తుంది, దించాక కర్రలు మళ్లీ పనికొస్తాయి. ల్యాప్‌టాప్ ఎత్తు పోటీలో చందా వేసేది ఒక్క ఇల్లే. ఇంటర్వ్యూకు వచ్చిన కంపెనీ పిల్లవాడి గ్రాఫిక్స్ కార్డు అడిగిందని నేను వినలేదు. లింక్డ్ లిస్టును తిప్పి రాయమని అడిగిందని మాత్రం విన్నాను. దానికి ఎన్ని జీబీలు కావాలి?

అయ్యలారా, మిమ్మల్ని తిట్టిపోయడానికి కూర్చోలేదు. ఇంజనీర్ అన్న మాటే గొప్పగా వినిపించిన ఇళ్లకు మీరు నడిచి వెళ్లి పిల్లల్ని తెచ్చుకున్నారు, ఉద్యోగాలకు పంపారు. ఆ మేలు తెలుసు. ఈ అడ్మిషన్లకు ముందే మీరు చేయగలిగినవి నాలుగు చెబుతాను. వీటికి కొత్త భవనాలు అక్కర్లేదు.

మొదటిది, 'తప్పనిసరి' అన్న సందేశాలు ఆపండి. మొదటి ఏడాది ఏ విద్యార్థికీ సొంత ల్యాప్‌టాప్ లేదన్న కారణంతో మార్కులు తగ్గవని, ల్యాబ్ రికార్డు ఆగదని ప్రిన్సిపాల్ సంతకంతో నోటీసు బోర్డు మీద పెట్టండి. రెండోది, ల్యాబులు సాయంత్రాలూ ఆదివారాలూ తెరవండి, దానికి తగ్గట్టు బస్సు నడపండి. మూడోది, పాతబడ్డాయని మూలన పడేసే ల్యాబ్ కంప్యూటర్లకు ఎస్‌ఎస్‌డీ వేసి, లినక్స్ పెట్టి, లేని పిల్లలకు సెమిస్టరుకు అరువివ్వండి. పుస్తకాన్ని లైబ్రరీ ఇచ్చినట్టే. ఆ బాగుచేత పని నా కొట్టులో కూలి లేకుండా చేస్తాను, విడిభాగాల ఖర్చు మాత్రం మీది. నాలుగోది, మీ ఆవరణలో అమ్మకం బల్లలు వద్దు.

నరసరావుపేటకు 2016లో జేఎన్‌టీయూ కాకినాడ తన సొంత ఇంజనీరింగ్ కళాశాలనే ఇచ్చింది. విశ్వవిద్యాలయం పేరు మోసే కళాశాల ఈ నాలుగూ ముందు చేసి చూపిస్తే మిగతా వాళ్లకు సాకు ఉండదని నా ఆశ.

ఇక అసలు అడగాల్సింది ఒక్కటే మిగిలింది. ఒక్క కాగితం. ఏ బ్రాంచికి, ఏ సెమిస్టరులో, ఏ సాఫ్ట్‌వేర్, దానికి కనీసం ఎంత ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు కావాలా వద్దా, ల్యాబులో చేసుకునే వీలుందా లేదా. విభాగాధిపతి గంట కూర్చుంటే రాయగలడు. ఆ కాగితం చేతిలో ఉంటే, రెండో ఏడాది దాకా ఆగి మధ్యరకం యంత్రం కొందామని ఒకడు తేల్చుకుంటాడు. ర్యామ్ ధర పెరిగేలా ఉంది, పెంచుకునే వీలున్నది ఇప్పుడే కొందామని ఇంకొకడు అనుకుంటాడు. ఎవరు ఎటు తేల్చుకున్నా తెలిసి తేల్చుకుంటారు. తప్పినా ఆ తప్పు వాళ్లది, గుడ్డితనానిది కాదు.

కోల్డ్ స్టోరేజీలో మిర్చి దించిన రైతుకు అక్కడివాళ్లు ఒక బాండు రాసిస్తారు. ఎన్ని టిక్కీలు, ఏ రకం, ఎప్పుడు పెట్టాడు, అన్నీ అందులో ఉంటాయి. ధర ఎటు పోతుందో ఆ బాండు చెప్పదు. కానీ దాన్ని జేబులో పెట్టుకుని ఆ రైతు నెలల తరబడి ఆగగలడు, కావాలంటే బ్యాంకుకు చూపించి అప్పు తెచ్చుకోగలడు. మిర్చి బస్తాకు దక్కిన ఆ మర్యాద, నాలుగేళ్ల పాటు మీ దగ్గర వదిలిపెడుతున్న బిడ్డకు దక్కదా?

ఇంకొన్నాళ్లకు ఈఏపీసెట్ ఫలితాలొస్తాయి. మళ్లీ ఎవరో ఒక తండ్రి నా కొట్టు మెట్లెక్కుతాడు. ఈసారి ఆయన ఫోను తీయకుండా, మీరిచ్చిన కాగితం మడత విప్పుతాడని ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
భవదీయుడు,
నరసరావుపేటలో ఒక కంప్యూటర్ మెకానిక్